మా ఇంటి ప్లగ్గులో మూడో చిల్లు

పోయిన నెల మా అక్క కూతురు హారిణి తిరుపత్తూరు నుంచి వేలూరులో మా ఇంటికి వచ్చి రెండు రోజులు ఉంది. వచ్చిన పూటే ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, బొమ్మలు ఒకదాని వెంట ఒకటి జరిపి చూపిస్తూ, "చిన్నమ్మా, ఫస్టు ఫస్టు కొనేదానికి వీటిలో ఏది మేలు?" అని అడిగింది. అన్నీ డీజే కంట్రోలర్లే. రెండు పక్కలా రెండు గుండ్రటి చక్రాలు, మధ్యలో మీటలు, కింద రంగు దీపాల గళ్లు. ల్యాప్‌టాప్‌కు తగిలించుకుని, అందులోని పాటలను చేత్తో నడుపుతూ ఒకదాన్ని ఇంకొకదానిలోకి కలపడానికి వాడే పెట్టె. నేను చాలా ఏళ్లుగా సరదాకి ఈ పని చేస్తున్నానని ఆ పిల్లకు తెలుసు. పెళ్లిళ్లలో వాయించను, ఎవరి ముందూ వాయించను. ఆదివారం మధ్యాహ్నాలు నా గదిలో నాకోసం కలుపుకుంటానంతే. చక్రం పెద్దదుండాలా, చిన్నది చాలా అని నేను ఏదో చెబుతానని అది ఎదురు చూస్తోంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట మాత్రం, "మీ ఇంట్లో ప్లగ్గుకు ఎర్త్ ఉండాదా?" అని. అది పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నలభైకి దగ్గర పడిన మనిషిని, ఇళ్ల నక్షాలు గీసే ఉద్యోగం చేసుకునేదాన్ని, ఫోన్ ముట్టుకునే ముందు అరచేతులు రెండుసార్లు తుడుచుకున్నాను. భోజనాల దగ్గర దానికి చెప్పాల్సింది చెప్పాను. చెప్పకుండా మింగేసింది ఇక్కడ రాస్తున్నాను.

మాది గుడియాత్తం. నాయన మేస్త్రీ. మా ఇల్లు ఆయన చేతులతో కట్టిందే. పని లేని రోజుల్లో, మిగిలిన ఇటుకలతో, కొంచెం కొంచెంగా లేపిన ఇల్లు. మా గోడకు ఆనుకుని లుంగీలు నేసేవాళ్ల ఇల్లు ఉండేది. అందులో రెండు మగ్గాలు. పొద్దున కాఫీల వేళకు మొదలై దీపాలు పెట్టే దాకా ఆడుతూనే ఉండేవి. ఆ రంగునూలు వాసన, గంజి వాసన, నాయన చొక్కాకు అంటుకుని వచ్చే తడి సిమెంటు వాసన కలిస్తే నాకు ఇల్లు. ఆ రెండు మగ్గాల చప్పుడు వింటూ నేను లెక్కలు చేసుకునేదాన్ని. రెండూ ఒక్క వేగంతో ఆడవు. ఒకటి రవ్వంత ముందు, ఒకటి రవ్వంత వెనక. కాసేపటికి వెనకది ముందుదాన్ని అందుకుంటుంది. రెండు దెబ్బలూ ఒకటే దెబ్బగా పడతాయి, పది పన్నెండు దెబ్బల పాటు ఇల్లంతా ఒక్కటే మగ్గం ఉన్నట్టు ఉంటుంది, మళ్లీ విడిపోతాయి. ఆ కలిసే చోటు కోసం నేను పెన్సిల్ ఎత్తిపట్టుకుని కూర్చునేదాన్ని. ఇదొక పని అనీ, దీన్ని చేత్తో చేసే యంత్రం ఉంటుందనీ తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు రావాల్సి వచ్చింది.

అమ్మకు కరెంటు అంటే భయం. భయం అంటే జాగ్రత్త అనుకునేరు. కాదు. స్విచ్ వేయాలంటే రబ్బరు చెప్పులు తొడుక్కుని, చెయ్యి చీరకు రెండుసార్లు తుడుచుకుని, చెక్క తెడ్డు కొసతో నొక్కేది. ఆ తెడ్డు దానికే ప్రత్యేకం, వంటకు వాడేది కాదు. మిక్సీ కొన్నా అలమర మీదే ఉండేది, పచ్చడి రోట్లోనే. వాన మబ్బు పట్టిందంటే ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఆపేసి, మమ్మల్ని తడి గోడలకు దూరంగా ఇంటి నడిమధ్య చాప మీద కూర్చోబెట్టేది. అక్క విసుక్కునేది. నేను విసుక్కోలేదు. ఎందుకంటే ఆ రోజు అమ్మ పక్కన ఉన్నది నేను.

అమ్మకు ఒకడే తమ్ముడు, ధనపాల్ మామ. వైరింగ్ పని చేసేవాడు, జాతరలకు మైక్ సెట్ కట్టేవాడు. మా ఇంట్లో వైర్లు లాగింది కూడా ఆయనే. నాకు ఏడేళ్లప్పుడు మా పేట జాతరకు వీధి వీధికీ గరాటు మూతుల లాంటి స్పీకర్లు కట్టాడు. సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. అమ్మ వంటింట్లో బియ్యం కడుగుతోంది, నేను గడప మీద ఉన్నాను. మా ఇంటి ముందు స్తంభానికి కట్టిన స్పీకర్లోంచి మామ గొంతు వినబడింది. "హలో... మైక్ టెస్టింగ్... ఒన్... టూ..." తర్వాత ఒక బర్రుమనే శబ్దం. అంతే. త్రీ రాలేదు. మైక్ పాడైందనుకున్నాం అందరం. అమ్మ మాత్రం బియ్యం గిన్నె అలాగే పట్టుకుని తల ఎత్తి వింటూ నిలబడింది. మూడో అంకె కోసం ఎదురు చూస్తోంది. ఎంతసేపు అలా నిలబడిందో చెప్పలేను. వీధి చివర నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్న అడుగులు వినబడేదాకా. తడిసిన ఇనుప స్టాండుకు కరెంటు ఎక్కిందని, పట్టుకున్న చెయ్యి విడవలేదని తర్వాత పెద్దవాళ్లు మాట్లాడుకోగా విన్నాను.

ఇలాంటి ఇంట్లో నాకు ఇరవై ఏళ్లప్పుడు డీజే కంట్రోలర్ కావాలనిపించింది. ప్రభుత్వం కాలేజీ పిల్లలకిచ్చిన ల్యాప్‌టాప్ నా దగ్గర ఉండేది. డిప్లొమా అయ్యి, వేలూరులో ఒక బిల్డరు ఆఫీసులో నక్షాలు గీయడానికి చేరాను. అక్కడ ఎవరో పాటలు కలిపే సాఫ్ట్‌వేర్ ఒకటి చూపించారు. తెర మీద రెండు పాటలు రెండు గీతల్లా పరుగెత్తుతుంటాయి. వేగం సర్ది రెంటి దెబ్బలూ ఒకదాని మీద ఒకటి పడేలా చేస్తే కలిసిపోతాయి. మొదటిసారి అవి కలిసినప్పుడు, ఆఫీసు కుర్చీలో కూర్చున్న నాకు గంజి వాసన వచ్చినట్టయింది. కానీ మౌస్‌తో అది కుదిరే పని కాదు. ఒక పాటను సర్దుతుంటే ఇంకోటి జారిపోతుంది. రాబోయే పాటను ముందుగా హెడ్‌ఫోన్‌లో విడిగా వినాలంటే ల్యాప్‌టాప్‌కు ఉన్న ఒక్క దారి చాలదు. లోపలే సౌండ్ కార్డు ఉండి, హెడ్‌ఫోన్‌కు ఒక దారి, స్పీకర్లకు ఒక దారి ఇచ్చే పెట్టె కావాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు పని అన్నట్టు కూర్చునేదాన్ని.

వేలూరులో ఒక సందులో, మెట్లెక్కి వెళ్లాల్సిన చోట, సౌండ్ సామాన్లు అమ్మే కొట్టు ఉండేది. నడిపేది సెల్వం అనే తమిళాయన. వచ్చీరాని తెలుగులో మాట్లాడేవాడు. ఒక శనివారం ఆఫీసు కాగానే వెళ్లాను. బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి చిన్నది, ప్లాస్టిక్‌ది. ల్యాప్‌టాప్ ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది. చక్రాలు కాఫీ సాసర్లంత, వేగం సర్దే మీట వేలెడు. రెండోది ఎవరో వాడి అమ్మేసింది. ఇనుప ఒళ్లు, ఒకేసారి నాలుగు పాటలు నడపడానికి నాలుగు ఛానళ్లు, దోసె పళ్లెమంత చక్రాలు. దానికి ప్లగ్గు విడిగా కావాలి. పెద్ద స్పీకర్లకు తగిలించి పెట్టాడు. "ఇది పుడిచ్చు చూడమ్మా, పట్టుకుని వెయిట్ చూడు," అన్నాడు. నేను రెండు చేతులూ చక్రాల మీద పెట్టాను. మణికట్టు ఇనుప అంచుకు తగిలింది.

జివ్వుమంది. దెబ్బ కాదు. చర్మం కింద సన్నటి చీమలు పాకినట్టు, ఆపకుండా, మోచేతి దాకా. నేను చెయ్యి లాక్కోలేదు. లాక్కోవాలని తట్టలేదు. చెయ్యి విడవలేదట అన్న మాట ఒక్కటే తలలో తిరిగింది. ఇప్పుడు విడవకపోతే, ఇప్పుడు విడవకపోతే అనుకుంటూ నిలబడ్డాను. అది ఒక క్షణమే అయ్యుంటుంది. తర్వాత చెయ్యి దానంతటదే వచ్చేసింది. సెల్వం చూసి నవ్వాడు. "అది సుమ్మా, ఊరికే జివ్వంటాదిమ్మా, ఒన్నుం కాదు. అన్నింటికీ ఉండేదే." నేను ఏమీ కొనకుండా మెట్లు దిగాను. బస్సులో కిటికీ ఊచ పట్టుకోవడానికి కూడా భయమేసింది. పల్లికొండ దాటేదాకా రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని కూర్చున్నాను.

అసలు భయం ఇంటికి వచ్చాక మొదలైంది. ల్యాప్‌టాప్ చార్జింగుకు పెట్టి, ఎందుకో, మూత దగ్గరి ఇనుప పట్టీ మీద మణికట్టు ఆనించాను. అదే జివ్వు. అవే చీమలు. ఇన్నాళ్లూ అది ఉంది. దాన్ని నేను వేళ్ల తిమ్మిరి అనుకున్నాను. ఎవరికి చెప్పాలి? అమ్మకు చెబితే ల్యాప్‌టాప్ ఆ పూటే పెరట్లో పడుతుంది. నాయన ఇంట్లో కరెంటు మాట ఎత్తడు. ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు. అమ్మ బాధపడుతుందని అలా చేస్తాడనుకునేదాన్ని. చెప్పకుండా ఊరుకుని, అమ్మ చూడని వేళల్లో మాత్రమే చార్జింగు పెట్టుకోసాగాను. ఇల్లంతా మారిపోయినట్టు ఉండేది. ఫ్రిజ్ తలుపు, టేబుల్ ఫ్యాను అంచు, తడి గోడ, అన్నిట్లోనూ ఏదో కాచుకుని ఉందనిపించేది. అమ్మ ఇన్నేళ్లుగా చూస్తున్న ఇల్లు ఇదే కాబోలని అప్పుడు తెలిసింది. ఆమెను పిరికిదనుకున్న మా అక్క మీద కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్లినప్పుడు చార్జర్ తీయడం మరిచిపోయాను. అమ్మ అంట్లు తోముతూ మధ్యలో లేచి, నా మంచం మీద ఉతికిన బట్టలు పెట్టబోయి, అడ్డంగా ఉన్న ల్యాప్‌టాప్‌ను తడి చేత్తో జరిపింది. కేక వినబడి నేను తడి ఒంటికి లంగా చుట్టుకుని పరుగెత్తాను. అమ్మ గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. చెయ్యి ముందుకు చాచి చూసుకుంటోంది. ఏమీ కాలేదు. కానీ ముఖంలో నెత్తురు లేదు. "మా... ఏమీ కాలేదుమా," అన్నాను. "విడిసిందా?" అని అడిగింది. "చెయ్యి విడిసిందా అమ్మణ్ణీ? నాకు తెలీలే." అలాంటి గొంతు అమ్మ నోట ఇంకెప్పుడూ వినలేదు.

నాయన పని నుంచి వచ్చాడు. విన్నాడు. సంచిలోంచి టెస్టర్ తీసి ల్యాప్‌టాప్ పట్టీ మీద పెట్టాడు. టెస్టర్ పిడిలో దీపం మినుకుమంది. ప్లగ్గు పెట్టె మూత విప్పాడు. కింది రెండు చిల్లుల వెనకా వైర్లు ఉన్నాయి. పైనున్న పెద్ద చిల్లు, మూడోది, దాని వెనక ఏమీ లేదు. దుమ్ము, ఒక సాలీడు గూడు. నాయన ఆ మూత చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు.

"అది ఎర్తుది కదా నాయనా? వైరు యాడ?" అన్నాను.

"లే," అన్నాడు. అమ్మ వైపు చూడకుండా చెప్పాడు. "ధనపాల్ అడిగినాడు. బావా, పెరట్లో గుంత తవ్వించు, ఎర్త్ వైరు లాగేస్తానని. పూత పని అయినాక చూద్దాం లేరా అన్నా. పూత అయింది. ఇంట్లో చేరినాము. మళ్లీ అడిగినాడు. ఎల్లుండి అన్నా. ఆ ఎల్లుండికి వాడు లేడు."

అమ్మ లేచి నిలబడింది. "పదమూడేండ్లు," అంది. "పదమూడేండ్లు నేను తెడ్డుతో స్విచ్చి ఏస్తా ఉంటే నువ్వు సూస్తా ఉండావు. అందరూ నాకు పిచ్చి అనుకుంటా ఉంటే ఊరకుండావు."

"ఆ మాట ఎత్తేదానికి నోరు రాలే," అన్నాడు నాయన. "గుంత తవ్వితే, వాడు అడిగింది నేను చేయలేదని అందరికీ తెలిసిపోతాదని. వాడు పోయింది ఈడ కాదు. ఐనా నాకు అట్లే ఉండె. భయమైంది."

ఊళ్లో సగం ఇళ్లు ఆయన కట్టినవే. పరంజీ మీద మూడో అంతస్తు అంచున చెయ్యి విడిచి నడిచే మనిషి. భయమైందన్న మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే. నాకు ధైర్యం చెప్పాల్సిన ఇద్దరూ నాకంటే ఎక్కువ భయంతో బతుకుతున్నారని తెలియడం ఆ వయసులో చిన్న దెబ్బ కాదు. 

మరుసటి రోజు ఆయన పనికి పోలేదు. పెరట్లో బట్టలుతికే రాయి పక్కన, ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట, గుంత మొదలుపెట్టాడు. కూలివాళ్లను పిలవలేదు. ఆయన నెత్తి నేల మట్టానికి కిందికి పోయేదాకా తవ్వాడు. ఇనుప పైపు నిలబెట్టి, ఒక వరస బొగ్గులు, ఒక వరస రాళ్లుప్పు, మళ్లీ బొగ్గులు. నేను బుట్టలతో అందిస్తూ, వేలూరు కొట్లో పెట్టె జివ్వుమన్న సంగతీ, అది నాకెందుకు కావాలో కూడా ఆయనకు చెప్పేశాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ముందు రోజు నుంచి ఆయనతో మాట లేదు. ఉప్పు చాలకపోతే లోపలికి వెళ్లి జాడీ ఎత్తుకొచ్చి గుంత ఒడ్డున పెట్టి వెనక్కి వెళ్లింది. వైర్లు లాగే ఆయన వచ్చి ప్రతి ప్లగ్గుకూ పచ్చ వైరు తెచ్చి మూడో చిల్లుకు తగిలించాడు. గుంత మీద సిమెంటు పలక పోసి, అది తడిగా ఉండగానే నాయన మేకుతో "తొక్కొద్దు" అని గీశాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మాట తెలుగు, రాత తమిళం.

తర్వాతి శనివారం నేను అడగకుండానే, "పా, ఆ వేలూరు కొట్టుకు పోదాం," అన్నాడు. సెల్వం కొట్లో మెట్లెక్కగానే కంట్రోలర్ల వైపు చూడలేదు. జేబులోంచి టెస్టర్ తీసి స్పీకర్ల ప్లగ్గు పీకి చూశాడు. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తుకు పోయే పెద్ద కాలు ఎవరో విరిచేశారు. స్పీకర్లలో తప్పిన కరెంటే తీగ వెంట కంట్రోలర్ ఒంటికి ఎక్కుతోంది. "ఇది ఎట్లప్పా పెట్టుకోనుండావు? మనుషులు ముట్టుకునేది కదా?" అని అడిగాడు. కోపంగా కాదు. సెల్వం ముఖం చిన్నబోయింది. వేరే ప్లగ్గు తెచ్చి బిగించాడు. నాయన చేతి వేళ్లు మడిచి, వేళ్ల వెనక వైపు ఆ ఇనుప ఒంటికి తాకించాడు. లోపలి వైపు తాకిస్తే పట్టుకుపోతుందని, అలా తాకాలని ధనపాల్ మామ నేర్పాడట. ఒకసారి, రెండోసారి, మూడోసారి. తర్వాత నా వైపు చూశాడు. "ఇప్పుడు నువ్వు."

నేను చిన్నదే తీసుకుందామని నిర్ణయించుకుని వచ్చాను. ప్లాస్టిక్‌ది, నాకు చాలేది. నిజానికి మొదటిసారి కొనేవాళ్లకు ఇప్పుడెవరైనా అదే చెబుతారు, నేనూ చెబుతాను. కానీ నాయన రెండింటినీ చూసి, పెద్దదాని వేగం మీట మీద బొటనవేలు పెట్టి కిందికీ పైకీ జరిపాడు. "ఇది జానెడు ఉండాది, అది వేలెడే. సన్నంగా సర్దాలంటే పొడుగుండాల కదా? నీకు సర్దేదే కదా పని?" అన్నాడు. ఆయనకు పాటలు కలపడం గురించి ఏమీ తెలియదు. మట్టం చూసే పని తెలుసు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను వేళ్లు మడిచి తాకించాను. చల్లటి ఇనుము. ఇంకేమీ లేదు. అరచేయి పెట్టాను.  ఇంకా జివ్వుమనలేదు, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అనుకుంటూ ఉన్నాను. అనలేదు. పెద్దదే తీసుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. గుంత తవ్విన మనిషి ముందు వద్దనడానికి నోరు రాక. ఆ నాలుగు ఛానళ్లలో రెండింటిని నేను ఇప్పటికీ ముట్టుకోలేదు.

ఇప్పుడు మా వేలూరు ఇంట్లో కరెంటు రవ్వంత దారి తప్పినా దానంతటదే టక్కున పడిపోయే స్విచ్ ఉంది. నేను గీసే ప్రతి నక్షాలోనూ ఎర్త్ గుంత ఎక్కడో ముందే గుర్తు పెడతాను. కంట్రోలర్లు తేలికైపోయాయి, రెండు పాటలనూ అవే కలిపేస్తున్నాయి, చెయ్యి పెట్టాల్సిన పని కూడా లేదు. గుడియాత్తంలో మా గోడ అవతల మగ్గాలు తీసేసి అద్దెకిచ్చారు. ఇది మంచి కాలమే. ఏడేళ్ల పిల్ల గడప మీద కూర్చుని మూడో అంకె కోసం ఎదురు చూడాల్సిన పని లేదు. ఐతే ఇప్పుడు నేను ఏదైనా వాయిస్తుంటే నా వెనక ఎవరూ భయపడుతూ నిలబడరు. అది మేలో, లోటో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ పెట్టె ఇంటికి తెచ్చిన మర్నాడు ఆదివారం. నాయన బల్ల మట్టం చూసి వేసి, చెమ్మ ఆరకుండా ఎర్త్ గుంత పైపులో రెండు బిందెలు నీళ్లు పోసి వచ్చాడు. అమ్మ వంటింట్లోంచి రాలేదు. నేను ప్లగ్గు పెట్టాను, దీపాలు వెలిగాయి, ఎడమ పక్క ఒక పాట వదిలాను. గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి. కుడి పక్క పాటను హెడ్‌ఫోన్‌లో వింటూ మీటను వెంట్రుకవాసి జరుపుతూ, జరుపుతూ, దెబ్బ మీద దెబ్బ పడే చోటుకు తెచ్చి రెండోదాన్ని పైకి లేపాను. కలిశాయి. ఎంతోసేపు కాదు. మళ్లీ జారాయి, మళ్లీ సర్దాను. పాట అయ్యాక హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగాను. అమ్మ నడవలో, గోడకున్న మెయిన్ స్విచ్ కింద నిలబడి ఉంది. రబ్బరు చెప్పులు వేసుకుని, ఏమైనా అయితే కిందికి లాగేసేలా కుడి చెయ్యి ఎత్తి మెయిన్ పిడి మీద పెట్టి ఉంది. తెడ్డు కాదు, చెయ్యే. నేను మొదలుపెట్టినప్పటి నుంచీ అలాగే నిలబడిందని నాయన కళ్లతోనే చెప్పాడు.

"అయిందా?" అంది.

"అయిందిమా."

చెయ్యి దించి, భుజం నొక్కుకుంది. పొయ్యి మీద సాంబారు పొంగుతున్న వాసన వచ్చింది. అటు ఒక అడుగు వేసి ఆగి నన్ను చూసింది. "ఇంగోటి ఏస్తావా? ఏసేటట్టయితే చెప్పు, పొయ్యి ఆపేసి వస్తా."

"ఇంకొక్కటేమా," అన్నాను.

పొయ్యి ఆపేసి వచ్చి, మళ్లీ చెయ్యి పైకెత్తింది.